వాకిలి డ్యూటీ

"ఉద్యోగం నీదేనయ్యా" అని ఫోన్‌లో మిల్లు యజమాని అనగానే లేచి కూర్చోబోయాను. తల సీలింగుకు ఠంగుమని తగిలింది. హైదరాబాద్ హాస్టల్‌లో నాది పైమంచం. దానికీ సీలింగుకూ మధ్య ఎడం ముప్పై ఒక్క అంగుళాలు. కూర్చుంటే నా ఎత్తు ముప్పై నాలుగు. రెండూ టేపు పెట్టి కొలిచాను. ఆ మూడంగుళాల తేడాతోనే రెండేళ్లు నెట్టుకొచ్చాను.

ఆ గదిలో నలుగురం ఉండేవాళ్లం. అందరం డిప్లొమాలో బీటెక్కులో చదివినవాళ్లమే, అందరికీ ఉద్యోగాలున్నాయి. ఒక్కణ్ణే ఒక గది తీసుకుందామని ఆరు నెలలకోసారి లెక్క వేసేవాణ్ణి. కంపెనీకి దగ్గరైతే సగం జీతం కిరాయికి పోతుంది. దూరమైతే రోజుకు మూడు గంటలు బస్సులో పోతాయి. జీతం పెరిగిన ప్రతిసారీ కిరాయి దానికంటే ముందే పెరిగి ఉండేది.

అందుకే బాన్సువాడ అని వినగానే ప్రాణం లేచొచ్చింది. అక్కడి బియ్యం మిల్లులో కొత్తగా రంగు చూసి గింజలు వేరుచేసే మిషన్ పెట్టారు. మేం దాన్ని సార్టర్ అంటాం. బియ్యం సన్నని ధారగా జారుతుంటే కెమెరాలు ఒక్కొక్క గింజనూ చూస్తాయి. నల్లదో పచ్చదో కనబడితే సరిగ్గా దాని మీదికే గాలి ఊది పక్కకు తోసేస్తాయి లోపలి గొట్టాలు. గింజ ఎగిరిపడడం కంటికి అందదు. చిటచిటమనే చప్పుడు మాత్రం వినిపిస్తుంది. ఇంటర్వ్యూ రోజు ఆ చప్పుడు విన్నాక నాకు ఇంకే కంపెనీ మీదా మనసు పోలేదు.

"ఒకటే షరతు," అన్నాడు యజమాని. కాలువ నీళ్లు చూసి తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతు కుటుంబం వాళ్లది. ఆయన మాటలో ఇంకా అక్కడి యాస ఉంది. "దసరా అయిపోయి కొత్త వడ్లు యార్డులోకి దిగేసరికి నువ్వు ఊళ్లో ఉండాలి. ఫోన్ చేస్తే పది నిమిషాల్లో మిషన్ ముందు కనబడాలి. కుదరదంటే ఇప్పుడే చెప్పేయ్, వేరే మనిషిని చూసుకుంటాను."

ఆయన పట్టుదలకు కారణం ఉంది. సీజన్‌లో మిల్లు ఆగకుండా తిరుగుతుంది. ఉప్పుడు బియ్యం కోసం వడ్లను వేడినీళ్ల తొట్లలో నానబెడతారు. సార్టర్ ఆగితే వెనక ఉన్న మిషన్లన్నీ వరసగా ఆగిపోతాయి. తొట్లలో వడ్లు మాత్రం ఆగవు, నానుతూనే ఉంటాయి. సమయం దాటితే రంగు మారి వాసన పడతాయి. మా ఊరేమో మహారాష్ట్ర సరిహద్దు దగ్గర, బాన్సువాడకు రెండు గంటల బస్సు.

"గదికేముంది సార్, బాన్సువాడే కదా!" అన్నాను.

ఆ మాట అన్నందుకు తొమ్మిది రోజులు తిరిగాను.

బస్టాండు దగ్గర లాడ్జిలో దిగి, మొదటి రోజు మిల్లు ఆఫీసుకు వెళ్తే యజమాని వేళ్లు మడిచి చెప్పాడు. "నీకు ముందు ముగ్గురు పోయారయ్యా. మొదటివాడు నిజామాబాద్ నుంచి రోజూ తిరిగి నెలకే అలిసిపోయాడు. రెండోవాణ్ణి ఈ కాంటా పక్క గదిలోనే ఉంచాను, ఊక దుమ్ముకి దగ్గు పట్టుకుంది. మూడోవాడు భార్యని తీసుకొస్తానన్నాడు, ఇక్కడి కిరాయిలు విని ఆ అమ్మాయే రానంది. మిషన్‌కి లోను దొరికింది గానీ, దాన్ని నడిపేవాడికి గది దొరకట్లేదు."

నేను పద్ధతిగా మొదలుపెట్టాను. ఊరి పటం గీసి ఆరు ముక్కలు చేశాను. కాగితం మీద గళ్లు గీశాను: వీధి, ఇంటి గుర్తు, మెట్లెన్ని, నీళ్లెప్పుడొస్తాయి, మిల్లుకు సైకిల్ మీద ఎన్ని నిమిషాలు, జవాబు. మూడు రోజుల్లో కాగితం నిండింది. జవాబు గడిలో మాత్రం పైనుంచి కిందిదాకా ఒకటే మాట: ఫ్యామిలీకే.

ఊరు నేను బస్సు కిటికీలోంచి చూసినంత చిన్నదేమీ కాదు. ఆఫీసులు, కాలేజీలు, దవాఖానలు పెరిగాయి. వాటితో టీచర్లు, నర్సులు, బ్యాంకువాళ్లు పిల్లాపాపలతో వచ్చి ఉన్న పోర్షన్లన్నీ నింపేశారు. కొత్తగా కట్టిన వాటికి హైదరాబాద్ శివారు ధర చెబుతున్నారు. పాత వాటికి ధర తక్కువే, కానీ నా వంటి ఒంటిగాణ్ణి లోపలికి రానివ్వరు. బోధన్ రోడ్డులో ఒకాయన నన్ను గేటు దగ్గరే ఆపాడు.

"ఎవరెవరుంటరు?"

"నేనొక్కణ్ణే అన్నా."

"ఒక్కనివా?" నా వెనక ఇంకెవరైనా దాక్కున్నారేమో అన్నట్టు తొంగి చూశాడు. "పెండ్లెప్పుడు?"

"ఇంక అనుకోలే."

"అనుకున్నంక రా తమ్మీ. పోర్షన్ ఏడికి వోదు."

టిఫిన్ సెంటర్లో నాతోపాటు నిలబడి ఇడ్లీ తినే కుర్రాడు ఒకడు పరిచయమయ్యాడు. ప్రైవేటు దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్. గది దొరక్క ఏడాదిగా నిజామాబాద్ నుంచి బస్సులో వస్తున్నాడు. నా కాగితం చూసి, "నేను గూడ ఫస్టుల గిట్లనే రాసుకున్న అన్నా," అన్నాడు. ఆ మాటకు నాకు ఆకలి చచ్చిపోయింది.

ఐదో రోజు పొద్దున మిల్లు ఆఫీసులో కూర్చుని కాగితం రెండో వైపు గళ్లు గీస్తుంటే, పాలు పోసే అక్క వచ్చింది. బీర్కూర్ వైపు పల్లె నుంచి మోపెడ్‌కు రెండు వైపులా క్యాన్లు కట్టుకుని వచ్చి, ఊరంతా పోసి, ఏడింటికి మా మిల్లులో టీ పాలు ఇచ్చి వెళ్తుంది.

"ఏంది తమ్మీ, గిన్ని గీతలు గీసినవ్?"

"ఇండ్ల లిస్టక్కా. కిరాయికి అని బోర్డు పెట్టిన ఇల్లు ఒక్కటి లేదు ఈ ఊళ్లె."

ఆమె నవ్విన నవ్వుకు క్యాను మూత కింద పడింది. "బోర్డా? గీడ బోర్డెవలు వెడ్తరు? ఇల్లు ఖాళీ అయితే ఫస్టు ఎవలకు తెలుస్తది చెప్పు?"

"ఓనరుకు."

"నాకు! లీటరున్నర పోయించుకునే ఇంట్ల ఒకనాడు, 'ఇగ అద్దలీటరు సాలు' అన్నరనుకో, పైనోళ్లు సామాను కట్టిండ్రన్నట్టే. బోర్డెందుకు?"

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మూడు రోజులు నేను గేట్ల మీద లేని బోర్డుల కోసం వెతికాను. ఊరి ఖాళీ ఇళ్లన్నీ రోజూ పొద్దున్నే ఈమె గిన్నెతో కొలుస్తోంది! సార్టర్ గింజను పట్టుకున్నట్టు ఈమె ఇళ్లను పట్టుకుంటోంది. కొత్త కాగితం తీశాను. ఆ నెలలో పాలు తగ్గిన ఇళ్లు నాలుగు చెప్పింది. నాలుగూ రాసుకున్నాను.

మొదటిది మార్కెట్ వెనక ఆకుపచ్చ గేటు. ఉత్సాహంలో గేటు బయట నుంచే గట్టిగా అడిగాను. "పెద్దమ్మా, మీ పైపోర్షన్ ఖాళీ అయిందట కదా?"

"ఎవడన్నడు? పైన నా కొడుకు కోడలుంటరు."

"పాలు తగ్గించిండ్రని తెలిసి..."

మేడ మీది నుంచి కోడలు గొంతు వినిపించింది. "మా వంట వేరు, మా పాలు వేరు! ఇగ గల్లీ అంత చెప్పుకో పో!"

ఎదురింట్లో ఇద్దరు, పక్కింట్లో ఒకరు బయటికి వచ్చారు. పదిహేను రోజులుగా ఆ ఇంట్లో రెండు పొయ్యిలు వెలుగుతున్నాయని వీధిలో ఎవరికీ తెలియదు. నా వల్ల ఒక్క నిమిషంలో అందరికీ తెలిసిపోయింది. సైకిల్ ఎక్కి వెనక్కి చూడకుండా వచ్చేశాను. మరునాడు అక్కకు చెబితే నా మీద జాలి పడుతుందనుకున్నాను.

"వేరే పోయించుకుంటుండ్రా?" అంది కళ్లు పెద్దవి చేసి. "ఎవని దగ్గర?"

రెండో ఇంట్లో పెద్దాయనకు షుగర్ వచ్చి టీ మానేశాడు. మూడో ఇల్లు నేను వెళ్లేసరికి నర్సు కుటుంబానికి ఇచ్చేశారు. మిగిలింది నాలుగోది.

అది పాత డాబా ఇల్లు. కింద అవ్వ ఉంటుంది. పైన ఒకే పోర్షన్, దాంట్లో ఉన్న టీచరు దంపతులు బదిలీ మీద వెళ్లిపోయారు. అవ్వ చేతికర్ర పట్టుకుని వాకిట్లోకి వచ్చి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. నలభై ఏళ్లు బీడీలు చుట్టిన చేతులు ఆమెవి. పైపోర్షన్ వైపు వేలు చూపించి, "గిది గీ వేళ్లతోని కట్టిన," అంది.

"చాలా బాగుందవ్వా."

"బాగుంటది. నీకియ్య."

"నేను తాగనవ్వా. దోస్తులను కూడా తేను."

"తాగుతవని కాదు పిలగా. నా మోకాళ్లు వంగవు. పొద్దుగాల వాకిలూడ్చి, సాన్పి చల్లి, ముగ్గెయ్యాలె. పైపోర్షన్ల ఉన్న ఆడామె ఏస్తది, గందుకే నేను కిరాయి తక్కువ తీస్కుంట. ఇల్లు కట్టిన సంది నా వాకిలి ఒక్కనాడు బోసిగ లేదు. నీకు ఆడమనిషి లేకపాయె."

ఆ వీధిలో అన్ని వాకిళ్లూ అప్పటికే పేడనీళ్ల సాన్పితో పచ్చగా ఉన్నాయి, వాటి మీద తెల్లని ముగ్గులు. అవ్వ వాకిట్లో ముగ్గును పక్కింటామె ఆ రోజుకు సాయంగా వేసినట్టుంది, గబగబా గీసినట్టు కనబడుతోంది. చుక్కల ముగ్గు. ఏడు చుక్కలు, ఏడు వరసలు. నాకు నవ్వొచ్చింది. డిప్లొమాలో మూడేళ్లు నేను చేసిందేమిటి? గళ్లు గీసి, చుక్కలు పెట్టి, గీతలు కలపడమే!

"నేనేస్త అవ్వా."

"నువ్వా?"

"నేనే. రోజూ."

లోపలికి వెళ్లి ముగ్గు పిండి డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఏసి సూపియ్యి."

చుక్కలు బ్రహ్మాండంగా పడ్డాయి. దారం కట్టినట్టున్నాయి. గీత మొదలుపెట్టగానే పిండి ఒకచోట కుప్ప, ఒకచోట ఖాళీ. అవ్వ కర్రతో చూపించి, "గిది ముగ్గా, సంచి చినిగి ఒలికిందా?" అంది. వెళ్లిపొమ్మనలేదు. "రేపు పొద్దుగాల రా," అంది.

ఆ సాయంత్రం మిల్లు యార్డులో, వడ్లు ఆరబోసే సిమెంటు నేల మీద సాధన చేశాను. హమాలీలు చుట్టూ చేరి నవ్వుతున్నారు. నేను పట్టించుకోలేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందు ఎంత, చేయి కదిలే వేగం ఎంత, చూడాల్సింది ఈ రెండే. మిల్లులో తొట్టి గేటు ఎంత తెరిస్తే బియ్యం ఎంత పడుతుందో, ఇదీ అంతే! సందు తగ్గించి, చేయి వేగం పెంచాను. ఇరవై మూడో గీతకు పిండి సన్నగా, ఆగకుండా జారింది. ఒక హమాలీ, "అరే, అన్న రాటు దేలిండు," అన్నాడు. ఎగిరి గంతేశాను.

మరునాడు ఐదున్నరకే అవ్వ వాకిట్లో ఉన్నాను. ఊడ్చాను, సాన్పి చల్లాను, ఏడు చుక్కల ముగ్గు వేశాను. అవ్వ కర్ర పట్టుకుని ముగ్గు చుట్టూ తిరిగింది. బీడీ కార్ఖానాలో వంకర బీడీని ఏరి అవతల పడేసే కళ్లవి. ఒకచోట ఆగి, "గీడ గీత కలువలే," అంది. కలిపాను. ఇంకో చుట్టు తిరిగింది.

"మీ ఇండ్లల్ల ముగ్గేస్తరా?"

ఈ ప్రశ్న వేరే రూపాల్లో అప్పటికే చాలా గేట్ల దగ్గర విన్నాను. విన్నాక గేటు మూసుకోవడమూ చూశాను. అబద్ధం చెప్పాలనిపించలేదు. "మేం క్రిస్టియన్లం అవ్వా. అమ్మానాయనలు కూలికి పోతరు. మా అమ్మ రోజూ సాన్పి చల్లుతది, క్రిస్మస్‌కు స్టార్ ముగ్గేస్తది."

అవ్వ కర్రతో ముగ్గును చూపించింది. "దేవుడు మీదుంటడు, ముగ్గు కిందుంటది. నాకు కింది పని గావాలె. పాలు అచ్చేలోపట ముగ్గు పడాలె. ఒక్కనాడు తప్పినా సామాను సర్దుకో, మల్ల మాటల్లేవు."

తాళంచెవి నా చేతిలో పడింది.

పదకొండడుగుల రెండంగుళాల పొడవు, తొమ్మిదిన్నర వెడల్పు. వంటకు గచ్చు వేసిన మూల. కిటికీ తూర్పుకు ఉంది, రెండు రెక్కలూ పూర్తిగా తెరుచుకుంటాయి. పదిహేడు మెట్లు. మిల్లుకు సైకిల్ మీద ఏడు నిమిషాల నలభై సెకన్లు. మూడుసార్లు తొక్కి చూసుకున్నాను. మంచం వేయగానే దాని మీద కూర్చున్నాను. నిలబడ్డాను. మళ్లీ కూర్చున్నాను. తల దేనికీ తగల్లేదు! హాస్టల్‌లో పాత రూమ్మేట్లకు ఫోన్ చేసి సీలింగు ఎత్తు చెప్పాను. "ఎన్ని అడుగులురా?" అని ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు ఫోన్ లాక్కుని అడిగారు.

దసరా వెళ్లింది. వడ్ల ట్రాక్టర్లు రావడం మొదలైంది. పొద్దున వాకిలి, తర్వాత మిల్లు. నా ముగ్గులు ఏడు చుక్కల నుంచి పదకొండుకు చేరాయి. వీధిలో ఆడవాళ్లు చీపుర్లు ఆపి చూసేవాళ్లు.

"ఓ ఇంజినీరూ, గిటు మా వాకిలి గూడ గీసి పో!"

"ఇగ నిన్ను జేస్కునే పిల్ల ముగ్గు నేర్వనక్కర్లేదు పో!"

ఎదురింటి అక్క మాత్రం మాట్లాడేది కాదు. మోరీలో మురుగు నీళ్ల గొడవలో ఆమెకూ అవ్వకూ నాలుగేళ్లుగా మాటల్లేవు. కాబట్టి నా ముగ్గుతో కూడా ఆమెకు మాటల్లేవు.

మంచు మొదలైన వారంలో ఒక బుధవారం, తెల్లవారుజామున ఐదుకు పావు తక్కువలో ఫోన్ మోగింది. సార్టర్ చెడ్డ గింజల్ని తోయడం లేదు, నల్లవీ తెల్లవీ కలిసిపోతున్నాయి, ఆపేశారు. రెండు తొట్ల వడ్లు నాని సిద్ధంగా ఉన్నాయి. ఆరింటికల్లా వచ్చేయొచ్చనుకుని సైకిలెక్కాను.

చలికి గాలి ట్యాంకులో నీళ్లు చేరాయి. ఆ నీళ్లు గొట్టాల్లోకి పోయి, గాలి ఊదాల్సిన చోట తడి ఊదుతోంది. ట్యాంకు ఖాళీ చేశాను. ఫిల్టర్లు విప్పి తుడిచాను. గొట్టాలు ఒక్కొక్కటీ ఆరబెట్టాను. చివరికి చిటచిటమనే చప్పుడు మళ్లీ మొదలైనప్పుడు షిఫ్టు మేస్త్రీ నేనూ చేతులు పట్టుకుని ఊపేసుకున్నాం. తొట్లు తెరిచారు. వడ్లు బతికాయి.

అప్పుడు పాల అక్క మోపెడ్ ఆఫీసు ముందు ఆగింది. ఆమె ముఖం వాడిపోయి ఉంది. యజమానితో, "మీ ఇంజినీరు ఉండే ఇంటి అవ్వ పోయినట్టుంది సార్," అంది.

సైకిలెక్కి తొక్కడమే. నిన్న సాయంత్రం కూడా అవ్వ నాకు పచ్చిపులుసు గిన్నె పంపింది. కళ్లలో నీళ్లు, వాటి మీద చలిగాలి. సగం దారి వచ్చాక, కాలువ వంతెన మీద, రెండు బ్రేకులూ ఒకేసారి నొక్కాను.

ముగ్గు!

ఈ రోజు వాకిట్లో ముగ్గు వేయలేదు. మా వైపు తెల్లారాక కూడా వాకిలి బోసిగా ఉందంటే ఒకటే అర్థం, ఆ ఇంట్లో ఎవరో పోయారని. అక్క ఆరింటికి వచ్చి ఉంటుంది. ఊడ్చని వాకిలి చూసి ఉంటుంది. పిలిచి ఉంటుంది. బుధవారం కదా, ప్రతి బుధవారంలాగే అవ్వ పెరట్లో తలస్నానం చేస్తూ ఉంటుంది, వినబడి ఉండదు. పాలు తగ్గితే ఇల్లు ఖాళీ, ముగ్గు లేకపోతే మనిషి ఖాళీ. మొదటిసారి ఆమె లెక్కను నమ్మి నేను బోల్తా పడ్డాను. ఈసారి నేను తప్పిన పనికి వీధంతా బోల్తా పడింది.

నా ఊహ నిజమైతే అవ్వ బతికే ఉంది. నిజమైతే నా గది పోయినట్టే. గది పోతే ఉద్యోగమూ పోయినట్టే. అయినా అంత ఆనందంగా నేనెప్పుడూ సైకిల్ తొక్కలేదు.

వాకిట్లో ఇరవై మంది దాకా ఉన్నారు. ఎవరో చాప కూడా తెచ్చారు. వాళ్ల మధ్య కుర్చీలో అవ్వ, తడి జుట్టు విరబోసుకుని, కర్ర నేలకు తాటిస్తూ కూర్చుంది.

"అందరికన్న ముందు గీమెనే అచ్చింది," అని కర్రతో ఎదురింటి అక్కను చూపించింది. "అమ్మో అవ్వా అని గేటు కాడ ఒకటే ఏడుపు. నేను బయటికి అచ్చేసరికి టక్కున ఆపింది! బతికున్ననని కోపమొచ్చిందో ఏమొ."

"గట్లంటవేందవ్వా, నిజంగనే ఏడిసిన," అంది ఎదురింటి అక్క ముక్కు తుడుచుకుంటూ. నాలుగేళ్లలో వాళ్లు మాట్లాడుకున్న మొదటి మాటలట అవి.

అప్పుడు అవ్వ నన్ను చూసింది. వీధి అంతా నన్ను చూసింది.

"సామాను సర్దుకో," అంది.

నేను నోరు తెరిచేలోపు కారు ఆగింది. మిల్లు యజమాని దిగాడు. దారిలో మార్కెట్ దగ్గర ఆగి కొన్నాడు కాబోలు, చేతిలో పెద్ద బంతిపూల దండ. రెండడుగులు వేసి, కుర్చీలో కూర్చున్న అవ్వను చూసి అక్కడే ఆగిపోయాడు. వెనక మోపెడ్ మీద వచ్చిన పాల అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నాకేనా దండ?" అంది అవ్వ.

"అమ్మా... అదీ... మీరు బాగున్నారు కదా?" అన్నాడు. "తప్పంతా నాదండీ. ఇతన్ని నేనే పిలిపించాను. మిషన్ ఆగితే రెండు తొట్ల వడ్లు పాడైపోయేవి."

"నీ వడ్లు నాకెందుకు? మాటంటే మాట."

"ముగ్గురు పోయారమ్మా నాకు, గది దొరక్క. ఇతను నాలుగోవాడు. ఇతను కూడా పోతే మిషన్ మీద గోనెపట్టా కప్పుకుని కూర్చోవాలి నేను." దండ పట్టుకున్న చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక వెనక్కి పెట్టుకున్నాడు. "నిజం చెప్పాలంటే, మీరు పోయారనగానే నాకు ముందు ఇతని గదే గుర్తొచ్చింది. క్షమించాలి."

వీధిలో ఎవరో కిసుక్కున నవ్వారు. అవ్వ నవ్వలేదు గానీ కర్ర తాటించడం ఆపింది. "బీడీల కార్ఖానల గూడ ఒక టైముండె. మీ మిల్లుకు టైం లేదా? ఎప్పుడు వడ్తె అప్పుడు పిలుసుడేనా?"

అప్పటికి నా బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. "పిలవనక్కర్లేదవ్వా," అన్నాను. "సార్, మంచు కాలంలో నీళ్లు చేరేది గాలి ట్యాంకులోనే. షిఫ్టు మారినప్పుడల్లా మేస్త్రీ ట్యాంకు కింద నల్లా తిప్పి నీళ్లు వదిలేస్తే చాలు. నాలుగు నిమిషాల పని, ఇవాళే నేర్పిస్తాను. అయినా ఆగిందే అనుకోండి, ఐదున్నర నుంచి ఆరు దాకా మాత్రం నన్ను పిలవకండి. అప్పటికే మిల్లులో ఉన్నా ఐదున్నరకు వచ్చేస్తాను. ఆ అరగంట ఈ వాకిలిది."

యజమాని జేబులోంచి పెన్ను తీశాడు. కారు బానెట్ మీద కాగితం పెట్టి ఏదో రాశాడు. అవ్వ దాన్ని పాల అక్కకు ఇమ్మంది. అక్క కూడబలుక్కుంటూ గట్టిగా చదివింది. "పొద్దున ఐదున్నర నుంచి ఆరు వరకు సార్టర్ ఇంజినీరుకు వాకిలి డ్యూటీ. ఈ టైంలో ఎవరూ ఫోన్ చేయకూడదు."

"సంతకం?" అంది అవ్వ.

సంతకం పెట్టాడు.

అవ్వ కాగితాన్ని మడిచి కొంగున ముడేసుకుంది. తర్వాత నా వైపు తిరిగి, "ఇంక సూస్తవేంది? ముగ్గెయ్యి. ముగ్గు పడ్తెనే గీ మందంత ఇంటికి పోతరు," అంది.

చీపురు తీశాను. చాప మీద కూర్చున్నవాళ్లు లేచి చాప మడిచారు. ఊడ్చి, సాన్పి చల్లి, చుక్కలు పెట్టాను. పదకొండు చుక్కలు, పదకొండు వరసలు. గాలి ట్యాంకు మురికి ఇంకా గోళ్లలో ఉంది. ఇరవై మంది చుట్టూ నిలబడి చూస్తున్నారు. ఒక మూల గీత కలవగానే ఇద్దరు వెళ్లిపోయారు. ఇంకో మూల కలిసింది, ఇంకో నలుగురు. చివరి గీత కలిసేసరికి ఎదురింటి అక్క, పాల అక్క, చేతిలో దండతో మా యజమాని మాత్రం మిగిలారు.

"గా దండ దర్వాజకు కట్టుండ్రి," అంది అవ్వ. "పైసలు పెట్టి కొన్నడు, ఎందుకు ఖరాబు చేసుడు."

అరవై దాటిన మిల్లు యజమాని స్టూలెక్కి అవ్వ దర్వాజకు బంతిపూల దండ కట్టాడు.

మిల్లు కంట్రోల్ రూంలో గోడ మీద డ్యూటీ చార్టు ఉంటుంది. బాయిలర్, తొట్లు, డ్రయ్యరు, సార్టరు, ఒక్కోదానికి ఒక్కో గడి. ఆ మరునాటి నుంచి దాంట్లో ఒక గడి ఎక్కువైంది. వాకిలి. దాని ఎదురుగా నా సంతకం, రోజూ ముగ్గు వేసి వచ్చాక.

నెల దాటాక ఒక పొద్దున ముగ్గు పూర్తిచేసి నిలబడ్డాను. ఎదురింటి అక్క గేటు దాటి వచ్చింది. వాళ్ల పక్క పోర్షన్ ఖాళీ అయిందట. పాలు తగ్గించిందని పాల అక్క చెప్పింది కాబట్టి నాకు రెండు రోజుల ముందే తెలుసు, కానీ తెలిసినట్టు కనబడలేదు.

"నువ్వు టిఫిన్ల కాడ దవాఖాన పిలగానితోని మాట్లాడ్తవట గదా," అంది నా ముగ్గును చూస్తూ. "గా పిలగాడు నేరుస్తడా?"

"నేరుస్తడక్కా!" అన్నాను, అతన్ని అడక్కుండానే.

ఆ సాయంత్రం నిజామాబాద్ బస్సు ఎక్కబోతున్నవాణ్ణి చెయ్యి పట్టుకుని దింపి, మిల్లు యార్డుకు తీసుకొచ్చాను. ముగ్గు పిండి డబ్బా చేతిలో పెట్టాను. సిమెంటు నేల మీద ఏడు చుక్కలు, ఏడు వరసలు పెట్టి చూపించాను. హమాలీలు ముందే వచ్చి చుట్టూ కూర్చున్నారు. అతను డబ్బాలో వేళ్లు పెట్టి, రక్తం బొట్టు గాజుపలక మీద వేసేటప్పుడు ఉండేంత జాగ్రత్తగా మొదటి గీత మొదలుపెట్టాడు. పిండి ఒకచోట కుప్ప పడింది.

"సందు తగ్గించు," అన్నాను. "చెయ్యి జోరు పెంచు. ఇరవై మూడో గీతకు వస్తది, సూడు!"